కేక మనిషి

జాన్ బాషా చేతికర్ర సుబ్బరావమ్మ మోకాలి కింద ఎముక మీద ఠపీమని తగిలింది. దెబ్బ అంత పెద్దదేం కాదు. నలుగురి ముందూ పడింది కాబట్టి పెద్దదే.

"ఏమైందని అడిగాను."

"కొండెక్కిందండి."

"మళ్ళీ అదే మాట. ఎదురుగా ఉన్నదేంటి? గుంట. గుంటలో చెత్త దూది వేశాం, అంటించాం, నీళ్ళు కొట్టాం. ఆరిపోయింది. అను. ఆరిపోయింది."

సుబ్బరావమ్మ కాలు రుద్దుకుంటూ నిలబడింది గానీ ఆ మాట అనలేదు. దీపం కొండెక్కిందనాలి, ఆరిపోయిందని నోటితో అనకూడదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆమె విన్నదీ అన్నదీ అదే. మొగుడు పోయాక ఆ పట్టింపు ఇంకా గట్టిపడింది. పీడ ఒకసారి గడప తొక్కి పోయింది కదా, మళ్ళీ పేరుపెట్టి పిలవడం దేనికని ఆమె ఉద్దేశం.

"ఇది దీపమా?" అన్నాడు జాన్ బాషా.

"నిప్పేగదండీ. ఎక్కడున్నా నిప్పే."

మిల్లు ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. జాన్ బాషా నవ్వలేదు. ఫైర్ సర్వీసులో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎడమ చెంప మీద పాత కాలిన మచ్చ ఉంది, నవ్వితే చర్మం లాగుతుంది. అది ఎనభై ఐదో సంవత్సరం. చుట్టుపక్కల రెండు పత్తి మిల్లులు తగలబడేసరికి, ప్రతి మిల్లూ తన మనుషులకు తర్ఫీదు ఇప్పించుకుని తీరాలని ఇన్సూరెన్సువాళ్ళు పట్టుబట్టారు. సత్తెనపల్లికి అవతల పొలాల మధ్య ఉన్న, పత్తిలోంచి గింజలు తీసే ఈ జిన్నింగ్ మిల్లుకి మేనేజరు రామమూర్తి ఈయన్ని పిలిపించాడు.

"సరే," అన్నాడు జాన్ బాషా చివరికి. "నీ కొండా వద్దు, నా ఆరడమూ వద్దు. రెండే మాటలు పెట్టుకుందాం. నీళ్ళు కావాలంటే 'వదులు'. చాలంటే 'ఆపు'. మూడో మాట వినపడితే పళ్ళు రాలగొడతా."

పాఠం మాత్రం బాగా చెప్పాడు. మూడు రాళ్ళు తెప్పించి పొయ్యిలా పేర్చి, మీద ఒక కుండ పెట్టాడు. "ఒక రాయి, తగలబడే వస్తువు. ఇంకో రాయి, వేడి. మూడోది, గాలి. నిప్పు ఈ మూడింటి మీదా కూర్చుంటుంది," అని కాలితో ఒక రాయి తన్నాడు. కుండ దొర్లి పగిలింది. "ఏదో ఒకటి లాగేస్తే చాలు. నీళ్ళు కొడితే వేడి పోతుంది. ఇసక పోస్తే గాలి పోతుంది. పక్కనున్న సరుకు ముందే తీసేస్తే దానికి తిండి పోతుంది. ఇంతకు మించి ఎవడేం చెప్పినా కోతలే."

తర్వాత కొట్టడం మొదలుపెట్టాడు. తడి గోనెలు పొగబెట్టిన గదిలోకి మగవాళ్ళని తోసి, తలెత్తినవాడి తల మీద ఒకటి వేశాడు. "పొగ పైనుంటుంది, గాలి కింద ఉంటుంది. పాకండి." మేస్త్రీ చెంచయ్య కొడుకు ఆదెయ్య గొట్టం మూతి పట్టుకుని మంటకి నీళ్ళు కొట్టి, పనైపోయిందని వెనక్కి తిరిగి వస్తుంటే, గొట్టాలు కలిపే ఇత్తడి బిగింపు తీసుకుని భుజం మీద కొట్టాడు. ఆదెయ్య మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పెళ్ళికెదిగిన కుర్రాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నిప్పుకి వీపు చూపిస్తావురా? మొహం దానివైపే పెట్టి వెనక్కి నడవాలి. ఇంకోసారి తిరిగావంటే నేను కొట్టను, అదే కొడుతుంది."

ఎవరి చోట్లు వాళ్ళకి పంచాడు. గొట్టం మూతి దగ్గర ఆదెయ్య. నీళ్ళ తొట్టి పక్కన, గొట్టంలోకి నీళ్ళు తోసే ఆయిలింజను దగ్గర అతని తండ్రి చెంచయ్య. ఇంజను మోతలో షెడ్డు లోపలి మాట తొట్టి దాకా చేరదు గనక, మధ్యలో గుమ్మం దగ్గర ఒక గట్టి గొంతు కావాలన్నాడు. అందరూ సుబ్బరావమ్మని చూపించారు. జొన్నచేల మీద చిలకల్ని తోలిన గొంతు ఆమెది, పక్క ఊరి చేలో చిలకలు కూడా లేచిపోతాయని వేళాకోళం. లోపల ఆదెయ్య ఏమంటే బయటికి అదే అనాలి. ఆ పూట నుంచి మిల్లులో ఆమె పేరు కేక మనిషి.

"విను చెంచయ్యా," అన్నాడు జాన్ బాషా. "లోపల్నించి 'ఆపు' అని వస్తేనే ఇంజను ఆగాలి. నేను చెప్పినా ఆపకు. మీ మేనేజరుగారు చెప్పినా ఆపకు. నీ కొడుకు ప్రాణం ఆ నీళ్ళలో ఉంటుంది."

రామమూర్తి నవ్వి తలూపాడు. పోయేముందు జాన్ బాషా వెనక షెడ్డులోకి తొంగిచూసి, పత్తి పక్కన గోడవార పేర్చిన మిరపకాయల టిక్కీలు, కుక్కి కుట్టిన బస్తాలు, చూశాడు. ఇవెందుకిక్కడున్నాయని అడిగాడు. ఎవరో తెలిసిన రైతువి, తీయిస్తాలెండి అన్నాడు రామమూర్తి. తీయించలేదు.

*

వెనక షెడ్డులో విడిపత్తి దూలాల ఎత్తున కుప్పపోసి ఉంటుంది. మిల్లులో దాన్ని కుప్ప అనరు, కొండ అంటారు. 'కొండమీద ఎవరున్నారు', 'కొండ దక్షిణం వైపు తవ్వండి', ఇట్లా. ఆ పేరు పెట్టింది చెంచయ్యే. కుప్ప పోయించే మేస్త్రీ అతను. కింద ఎంత వెడల్పుంటే పైకి ఎంత లేపొచ్చో కాలితో తొక్కి చెప్పగలడు.

తర్ఫీదైన కొద్దిరోజులకి, ఒక మధ్యాహ్నం భోజనాలై మిషన్లు మళ్ళీ తిరగడం మొదలైంది. సుబ్బరావమ్మ కొండ అంచున కూర్చుని గంపలోకి పత్తి లాగుతూ, పుచ్చిన పత్తికాయా గులకరాయీ ఏరిపారేస్తోంది. ఎంత ఏరినా ఒక్కటి తప్పించుకుంటుంది. ముందుగదిలో ఒక మిషను 'టక్కు'మంది. రోలర్ల మధ్య రాయి పడ్డ చప్పుడు అందరికీ తెలిసిందే. ఆ తర్వాత వచ్చిన అరుపు తెలిసింది కాదు.

నిప్పురవ్వ దూది నూగు మీద పడింది. గోడలకీ దూలాలకీ ఏడాదిగా పట్టిన నూగు మీదుగా మంట చీమలబారులా కాదు, ఎలకలా పరిగెత్తింది. సుబ్బరావమ్మ తలెత్తి చూసేసరికి నెత్తిమీద దూలం అంటుకుంది. గంప వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తింది. ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ, తొక్కుకుంటూ బయటపడ్డారు. ఒకామె పడిపోతే ఆమె మీదుగానే నలుగురు నడిచారు.

కాలుతున్న నూగు టిక్కీల మీద రాలింది. మిరపకాయలంటుకున్నాయి.

ఇంట్లో పోపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితే వీధి వీధంతా దగ్గుతుంది. ఇక్కడ గోడంత ఎత్తు టిక్కీలు. షెడ్డులోంచి ఘాటైన పొగ బయటికి పొర్లి తొట్టి వరకూ కప్పేసింది. ఎవరికీ కళ్ళు తెరుచుకోలేదు. మనుషులు కడుపులు పట్టుకుని వాంతులు చేసుకున్నారు. కన్ను పనికిరాని చోట ఇక మిగిలింది నోరూ చెవీ.

ఆదెయ్య తువ్వాలు తడిపి మొహానికి చుట్టుకుని, గొట్టం చంకలో బిగించి, నేల మీద పాకుతూ లోపలికి పోయాడు. "అత్తా, నువ్విక్కణ్ణించి కదలొద్దు," అన్నాడు పోతూ. పక్కిల్లే గనక చిన్నప్పట్నించీ అత్తా అనే పిలుపు. సుబ్బరావమ్మ గుమ్మం పక్కన నేలకి చెంప ఆనించి పడుకుని, తడికొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"వదులు," అని లోపల్నించి.

"వదులూ," అని ఆమె తొట్టివైపు.

ఇంజను అందుకుంది. చప్పబడి ఉన్న గొట్టం ఆమె పక్కగా పాములా బిర్రబిగిసి లోపలికి లాగింది. నీళ్ళు మంట మీద పడ్డ చప్పుడు వినిపించింది. కాసేపు బాగానే నడిచింది. మంట దూలాల మీద తగ్గుతున్నట్టే ఉంది. అప్పుడు లోపల ఆదెయ్య గొంతు మారింది.

"అత్తా, కొండెక్కింది. కొండెక్కింది."

కుప్పకంటుకుంది. ఆమెకి వేరే అర్థం తోచనే లేదు. లోపలివాడు అన్నది అన్నట్టే తొట్టివైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి కేకేసింది. "కొండెక్కిందీ. కొండెక్కిందీ."

ఇంజను ఆగిపోయింది.

ఆమె పక్కనున్న గొట్టం మెత్తబడి నేలకి అతుక్కుపోయింది. "వదులు" అనబోయింది. మిరప ఘాటు గొంతులోకి దిగి కరుచుకుంది. నోరు తెరుచుకుంటోంది గానీ మాట లేదు. చిలకల్ని తోలే గొంతు, ఒక్క మాట కావలసినప్పుడు పిల్లి కూతకి కూడా పనికిరాలేదు. నేలని అరచేతులతో బాదింది. లోపల ఆదెయ్య "నీళ్ళు, నీళ్ళు" అని అరుస్తున్నాడు. తర్వాత, కింద కాలి డొల్లబడిన పత్తికుప్ప ముందుకి విరిగి పడిన చప్పుడైంది. అంత మెత్తటి వస్తువు పడ్డా నేల అదిరింది.

సుబ్బరావమ్మ ఏమాలోచించిందో ఆమెకే తెలియదు. గొట్టం పట్టుకుని పాకింది. గొట్టం చివర కాళ్ళు దొరికాయి. మండుతున్న పత్తిలోంచి ఆ కాళ్ళని పట్టుకుని లాగింది. పట్టు జారి చర్మం చేతిలోకి ఊడి వచ్చింది. మళ్ళీ పట్టుకుంది. గుమ్మం దాటించేసరికి ఆదెయ్య ఒంటి మీద బట్ట లేదు. ఉన్నదంతా నలుపూ ఎరుపూ. సుబ్బరావమ్మ అరచేతులు రెండూ బొబ్బలెక్కి, అవి పగిలిపోయాయి.

టౌను నుంచి ఫైరింజను వచ్చేసరికి షెడ్డు కప్పు కూలిపోయి ఉంది. అప్పటికే ఆదెయ్యని పత్తి లారీలో వేసుకుని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

*

మర్నాడు పొద్దున్నే చెంచయ్య తిరిగొచ్చాడు. సుబ్బరావమ్మ మోచేతులతో చెంబు ఎత్తి నోట్లో నీళ్ళు పోసుకోబోతోంది. వాకిట్లోకి వచ్చి జుట్టు పట్టుకున్నాడు. చెంబు దొర్లింది. వీధిలోకి ఈడ్చుకుపోయాడు.

"ఆరిందని కేకేస్తావటే, ముండా? నా కొడుకు లోపలుంటే ఆరిందంటావా?"

"అన్లేదన్నా. వాడేమంటే అదే..."

చెంచయ్య చెయ్యి ఆమె ఎడమ చెవి మీద పడింది. లోపల ఏదో పగిలి, ఆ వైపు లోకమంతా ఒక్క ఈలగా మారిపోయింది. తర్వాత కాలు. తర్వాత మళ్ళీ చెయ్యి. కడుపు దాచుకోబోతే వీపు దొరికింది, వీపు దాచుకోబోతే మొహం దొరికింది. కాలిన చేతులు అడ్డం పెట్టలేదు. పెట్టే చేతులేవి? వీధి వీధంతా అరుగుల మీద నిలబడి చూసింది. కొడుకు కాలిపోయిన తండ్రిని ఎవరాపుతారు? ఆపినవాడు పాపాత్ముడైపోడూ? మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. మొగుడూ కొడుకూ అన్నదమ్ములూ లేని ఆడది వీధిలో పడి ఉంటే అది కొట్టడానికి వీలుగా ఉంటుంది, అంతే.

ఒకసారి మాత్రం ఆమె అరచేతులు పైకి తిరిగాయి. పచ్చిగా ఉన్న మాంసం చెంచయ్య కంటబడింది. అతని చెయ్యి గాల్లో ఆగింది. అదెవరిని లాగిన చెయ్యో అతనికి తెలుసు. తెలిసిన తర్వాత మెత్తబడతాడనుకుంది సుబ్బరావమ్మ. అంతకుముందుకన్నా గట్టిగా కొట్టాడు.

ఆమెకి నొప్పికంటే అదే అర్థం కాలేదు. కొట్టినంతసేపూ అతను తన మొహంలోకి చూడనేలేదు.

*

మధ్యాహ్నం మిల్లుకి పిలిపించారు. తడిసిన పత్తి కమురు వాసన ఆవరణంతా పట్టేసింది. కుప్ప లోపల ఇంకా రగులుతూనే ఉంది. మనుషులు కొక్కేలతో లాగి, విప్పి, తడిపి, మళ్ళీ లాగుతున్నారు. పత్తి నిప్పు పైన చచ్చినట్టు పడుకుని లోపల తింటుంది.

ఆఫీసు గదిలో రామమూర్తి, ఒక కానిస్టేబులు, జాన్ బాషా ఉన్నారు. రామమూర్తి తెల్లచొక్కా చేతులు మడుచుకుని, ఎంతో దయగా మాట్లాడాడు.

"చూడు సుబ్బరావమ్మా. కంగార్లో ఆరిందని కేకేశావు. ఆడమనిషివి, పొరపాటు పడ్డావు. అంతమాట ఒప్పుకో. మిల్లు నిన్ను చూసుకుంటుంది. లేదూ, నేననలేదని మొండికేశావనుకో, కుర్రాడికేమైనా అయితే అది నీ మెడకి చుట్టుకుంటుంది."

"కొండెక్కిందన్నానండి. కుప్పకంటుకుందని ఆదెయ్య చెబితే అదే అన్నాను. మనం దాన్ని కొండ అనే గదండీ అనేది."

"కొండెక్కిందంటే ఆరిందనే కదా. మా ఇంట్లో దీపం ఆరితే మా ఆవిడ కూడా అట్లాగే అంటుంది."

"ఆపు అనలేదు గదండీ నేను." ఆమె జాన్ బాషా వైపు తిరిగింది. "ఆపంటేనే ఆపాలని మీరు చెప్పారు."

జాన్ బాషా ఒక క్షణం రామమూర్తి వంక చూశాడు. ఆ చూపులో అనుమానం ఉంది. కానీ ఆయన నేర్పిన మనుషుల్లో ఒకడు కాలిపోయాడు, ఇప్పుడు ఆయన తర్ఫీదు మీద కూడా మాట పడేట్టుంది. ఆ చూపు తిరిగి ఆమె మీదికే వచ్చింది.

"డ్రిల్లులో గుంటలో నిప్పు చల్లారాక ఏమైందని అడిగితే ఏమన్నావు?"

సుబ్బరావమ్మ కర్ర తగిలిన కాలు వెనక్కి లాక్కుంది.

"చెప్పు. కర్రతో కొట్టి మరీ అడిగాను. ఏమన్నావు?"

"కొండెక్కిందన్నానండి."

"మరి?"

ఇదీ వరస. ఆమె నోట్లో మాటతోనే ఆమెని కట్టేశారు. అప్పటిదాకా తన తప్పు లేదని గుండెలో గట్టిగా ఉన్న మనిషి మొదటిసారి బెదిరింది. నిజంగా తనదేనా? తొట్టి దగ్గరున్నవాళ్ళకి ఈ కొండేదో ఆ కొండేదో ఎట్లా తెలుస్తుంది? ఇంతలో ఇంకోటి తోచింది.

"ఇంజను దగ్గరున్నది చెంచయ్యన్న. కొండంటే ఏదో ఆయనకి తెలీదాండీ? ఆయన్నడగండి."

"అడిగాం. నీ కేక విని ఆరిందనుకుని ఆపానన్నాడు," అన్నాడు రామమూర్తి. ఆ మాట చెబుతూ బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు.

"అయితే ఆదెయ్యనడగండి. వాడే చెప్తాడు, తనేమన్నాడో."

కానిస్టేబులు లాఠీ చివరతో ఆమె పాదం మీద పొడిచాడు. "అడుగుతార్లే. రేపు మేజిస్ట్రేటుగారు వాడి వాంగ్మూలం తీసుకోడానికి ఆసుపత్రికొస్తున్నారు. వాడు నీ పేరు చెప్పాడో, అక్కణ్ణించే లోపలికి."

*

మర్నాడు గుంటూరు బస్సులో ఆమె నిలబడే వెళ్ళింది. రాడ్డు పట్టుకోవడానికి చేతులు లేవు. బస్సు ఊగినప్పుడల్లా పక్కవాళ్ళ మీద పడుతుంటే ఒకాయన కసిరాడు. కిటికీ బయట కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఎరుపు చూస్తేనే గొంతులో ఘాటు లేచింది. ఆమె మనసులో ఉన్నది ఒక్కటే. ఆదెయ్య బతికి ఉండాలి, నోరు తెరిచి ఒక్క మాట చెప్పాలి. వాడు తన కోసం బతకాలనుకుంటోందో వాడి కోసమే బతకాలనుకుంటోందో విడదీసి చూసుకోలేదు. చూసుకుంటే సిగ్గుపడేది.

కాలినవాళ్ళ వార్డు గుమ్మంలో ఆదెయ్య తల్లి రాఘవమ్మ కూర్చుని ఉంది. ఒడిలో గంజి గిన్నె. సుబ్బరావమ్మని చూడగానే లేచి ఆ గంజి మొహాన కొట్టింది. తర్వాత గిన్నెతో కొట్టింది. కనుబొమ మీద చర్మం చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది.

"చూట్టానికొచ్చావా? సగమే కాలాడు, మిగతాది కాల్చిపోదామని వచ్చావా?"

ఎవరో రాఘవమ్మని పట్టుకున్నారు. సుబ్బరావమ్మ గోడకి ఆనుకుని, భుజంతో మొహం తుడుచుకుంది. ఆ గుమ్మం దగ్గర్నుంచి మాత్రం కదల్లేదు. రాఘవమ్మ వదిన కొట్టిన దెబ్బ ఆమెని బాధించలేదు. కన్నకొడుకుని అట్లా చూసిన తల్లి చేతికి దొరికిందాన్ని కొడుతుంది. రాఘవమ్మ నిజంగానే నమ్మి కొట్టింది.

మేజిస్ట్రేటు వచ్చాడు. డాక్టరు కుర్రాడి మొహం మీదికి వంగి, తెలివిలోనే ఉన్నాడని చెప్పాడు. ఇంటివాళ్ళందరినీ బయటికి పంపారు. బయటికంటే మంచం చుట్టూ నిలబెట్టిన ఆకుపచ్చ గుడ్డ తెరకి ఇవతల. చెంచయ్య అక్కడున్నాడు. ఆమె వచ్చి నిలబడితే జరిగి చోటిచ్చాడు. ఇప్పుడూ మొహంలోకి చూడలేదు. తెర సందులోంచి దోమతెర, అందులో పరిచిన అరిటాకులు, వాటి మీద ఆదెయ్య కనిపిస్తున్నాడు. అరిటాకు మీద మనిషిని అట్లా చూడటం ఎవరికీ వద్దు.

"నీ పేరు?"

"ఆదెయ్య."

"మంట దగ్గర నీ చేతిలో నీళ్ళ గొట్టం ఉందా?"

"ఉందండి."

"నీళ్ళు ఎందుకాగిపోయాయో తెలుసా?"

సుబ్బరావమ్మ వినపడే చెవి తెరకి ఆనించింది. చెప్పు నాయనా, చెప్పు.

"సుబ్బరావమ్మత్త..." అన్నాడు ఆదెయ్య. "గుమ్మం దగ్గరుంది. ఆరిపోయిందని కేకేసింది."

"నువ్వు అట్లా చెప్పమన్నావా?"

"లేదండి. కుప్పకంటుకుందని చెప్పా. ఆవిడే ఆరిపోయిందంది. నేను విన్నా. మా నాన్న... మా నాన్న ఆ మాట వినే ఆపాడు. ఆయన తప్పేం లేదు."

అబద్ధం ఎవరు చెప్పినా తట్టుకునేది. రామమూర్తి చెప్పాడు, తట్టుకుంది. ఆమె పెట్టిన ఆవకాయ ముద్దలు తిని పెరిగినవాడు చెప్పాడు. కానిస్టేబులు తెర ఇవతలికి తల పెట్టి, ఇక నీ పని అయిందన్నట్టు ఆమెని చూశాడు.

చెంచయ్యకి కావలసిందే జరిగింది. ముందురోజు ఏ మాట నిజం చేద్దామని చేతులు నొప్పిపుట్టేలా కొట్టాడో, ఆ మాట కొడుకు నోటితోనే వచ్చింది. ఇక దాన్ని ఎవరూ కాదనలేరు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఉన్నట్టుండి తెర పట్టుకుని లాగాడు. కర్ర చట్రం కింద పడింది.

"ఆ మాట అది అనదండి."

"ఎవరితను? బయటికి పంపండి," అన్నాడు మేజిస్ట్రేటు.

"ఆరిపోయిందనే మాట అది పుట్టి బుద్ధెరిగి అనలేదండి. వీధి వీధందరికీ తెలుసు. కర్రతో కొట్టినా అనలేదు. కొండెక్కిందంది. మా వాడు అన్నదే అంది." కానిస్టేబులు రెక్క పట్టుకుంటే విదిలించుకున్నాడు. "కొండంటే పత్తికుప్పండి. ఆ పేరు పెట్టిందే నేను. అంటుకుందని నాకు తెలిసింది. మేనేజరుగారు పక్కనే ఉన్నారు. 'కొండెక్కిందంటున్నారుగా, ఆపెయ్యి చెంచయ్యా, సరుకంతా తడిసిపోతోంది' అన్నారు. కాదండీ, కుప్పకంటుకుందండీ అందామనుకున్నా. నోరు రాలేదు. ఆయన మాటకి ఎప్పుడూ కాదనలేదు. చెయ్యి దానంతటదే పోయి ఆపేసింది."

"నాన్నా," అన్నాడు ఆదెయ్య దోమతెరలోంచి. "నువ్వు పో నాన్నా."

"నా కొడుకు లోపలున్నాడని తెలిసే ఆపానండి," అన్నాడు చెంచయ్య. ఏడవలేదు. లాగిన తెరగుడ్డ ఇంకా చేతిలోనే ఉంది, దాన్ని మడతపెట్టడం మొదలుపెట్టాడు.

రాఘవమ్మ గుమ్మంలోంచి అంతా వింది. అరవలేదు. మొగుడి మొహంలోకీ, సుబ్బరావమ్మ కనుబొమ మీద తను చేసిన గాయంలోకీ మార్చి మార్చి చూసి, అక్కడే నేల మీద కూలబడింది. మేజిస్ట్రేటు చెంచయ్యని వేరేగా వరండాలోకి తీసుకురమ్మన్నాడు. కానిస్టేబులు అతన్ని తోసుకుంటూ పోయాడు. ఈసారి లాఠీ అతని వీపు మీద ఆడింది. డాక్టరు వాళ్ళ వెనకే వెళ్ళాడు.

మంచం దగ్గర ఎవరూ మిగల్లేదు. సుబ్బరావమ్మ పడిపోయిన చట్రం దాటి దోమతెర దగ్గరికి వచ్చింది. ఆదెయ్య మొహంలో కళ్ళు మాత్రమే పాత ఆదెయ్యవి.

"ఎందుకు చెప్పావురా?"

అతను ఊపిరి కూడదీసుకున్నాడు. తప్పించుకోవాలని చూడలేదు. పనిలో దేని తర్వాత ఏం చెయ్యాలో చెప్పినట్టే చెప్పాడు.

"నాన్నని పట్టుకుపోతే అమ్మకెవరూ ఉండరత్తా. నేనెట్లాగూ ఉండను. నీకైతే... నీకెవరూ లేరుగా. నువ్వు పోయినా ఎవరికీ ఏం కాదని."

కర్ర దెబ్బా, చెవి మీద దెబ్బా, గిన్నె దెబ్బా అన్నీ ఎక్కడ తగిలాయో సుబ్బరావమ్మ చూపించగలదు. ఇది ఎక్కడ తగిలిందో చూపించలేదు. కుర్రాడికి ఆమె మీద కోపం లేదు, పగ లేదు. లెక్క చూసుకుని, నష్టం లేని మనిషిని ఎంచుకున్నాడు. వీధీ అట్లాగే ఎంచుకుంది. మేనేజరూ అట్లాగే ఎంచుకున్నాడు. వీడొక్కడే పైకి చెప్పాడు. ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చావుబతుకుల్లో ఉన్నవాడి మీద కోపం తెచ్చుకోకూడదని తెలిసినా వచ్చింది.

"మరి నాకు నేను లేనంట్రా?" అంది.

ఆదెయ్య ఏదో చెప్పాలన్నట్టు పెదవులు కదిపాడు. ఈలోగా నర్సు వచ్చి, ఇక్కడెవరూ ఉండకూడదని ఆమెని బయటికి పొమ్మంది.